డ్రాగన్లు ఆగుతాయి, పంట ఆగదు: స్కైరిమ్, స్టార్‌డ్యూ వ్యాలీ

వ్యవసాయం గేమ్ అంటే ప్రశాంతం, డ్రాగన్ల గేమ్ అంటే టెన్షన్ అని చాలామంది చెబుతారు. కొత్తగా గేమ్స్ మొదలుపెట్టేవాళ్లకి సలహా ఇచ్చేటప్పుడు కూడా ఇదే మాట. నేను రెండూ ఏళ్ల తరబడి ఆడుతున్నాను. నాకు తెలిసింది మాత్రం దీనికి తలకిందులు. ఆఫీసులో బుర్ర వేడెక్కిన రోజు రాత్రి నేను తెరిచేది డ్రాగన్ల గేమ్ స్కైరిమ్. ఒంట్లో ఓపిక ఉండి, లెక్కలు వేసుకుని ఆడాలనిపించిన రోజున వ్యవసాయం గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీ. ఈ రెండిట్లో ఏది కొనాలా అని ఆలోచించేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

నా గురించి రెండు ముక్కలు. మాది గుంటూరు జిల్లా. నాన్న మిర్చి రైతు, వద్దన్నా ఇప్పటికీ ఏటా కొంత వేస్తూనే ఉంటారు. నేను ఒక సహకార బ్యాంకులో పంట రుణాల సెక్షన్లో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాసుపుస్తకాలు, అడంగల్ కాపీలు, రెన్యువల్ తేదీలు. ఇంటికొచ్చి మళ్లీ కంప్యూటర్లో పొలం చూస్తావా అని మావారు అడుగుతుంటారు. చూస్తాను. ఆ పొలం గురించి చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది కూడా.

ముందు స్టార్‌డ్యూ వ్యాలీ. 2016 ఫిబ్రవరిలో వచ్చింది. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి సుమారు నాలుగున్నరేళ్లు కూర్చుని కోడ్, బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ తానే చేసుకుని తయారుచేసిన గేమ్ ఇది. కథ చిన్నది. జోజా అనే కంపెనీలో కుర్చీకి అతుక్కుపోయిన ఉద్యోగి, తాతగారు ఇచ్చిపోయిన ఉత్తరం విప్పి, ఆయన వదిలిన పొలానికి వస్తారు. పొలం నిండా రాళ్లు, మొద్దులు, కలుపు. చేతిలో 500 గోల్డ్ (అక్కడి డబ్బు). ఊరి మేయర్ లూయిస్ ఇచ్చిన 15 పార్స్‌నిప్ (ముల్లంగి లాంటి దుంప) విత్తనాలు. ఇక మీరు, మీ గడియారం.

ఆ గడియారమే అసలు ఆట. రుతువుకి 28 రోజులు. రోజు పొద్దున 6 గంటలకి మొదలై రాత్రి 2కి అయిపోతుంది. మన లెక్కలో అదంతా సుమారు 14 నిమిషాలు. ఆ 14 నిమిషాల్లోనే మొక్కలకి నీళ్లు పోయాలి, కోళ్లని పలకరించాలి, కొట్టు మూసేలోపు విత్తనాలు కొనాలి, చేపలు పట్టాలి, గనిలోకి దిగాలి, 2 కొట్టేలోపు ఇంటికి చేరాలి. చేరకపోతే ఎక్కడున్నారో అక్కడే పడిపోతారు, జేబులో డబ్బులో పదో వంతు, గరిష్ఠంగా 1,000 గోల్డ్ దాకా పోతుంది. మొదట్లో ఒంట్లో శక్తి 270 పాయింట్లే. పాత నీళ్ల డబ్బాతో ఒక్కో మొక్కకీ విడివిడిగా పోయాలి, ప్రతి పోతకీ శక్తి తగ్గుతుంది. విత్తనాలు అమ్మే పియర్ కొట్టు బుధవారం సెలవు. ఇది తెలియని మొదటి వారంలో ఎవరికైనా ఒక రోజు నష్టపోవడం ఖాయం.

28వ తేదీ రాత్రి పడుకుని లేస్తే రుతువు మారిపోతుంది. ఆ రుతువుకి చెందని పంట మొత్తం ఎండిపోయి ఉంటుంది. ఇక్కడ జాలి లేదు. కాలీఫ్లవర్ విత్తనం 80 గోల్డ్, 12 రోజుల పంట, అమ్మితే 175. లాభసాటి పంటే. కానీ ఎరువు వాడకుండా 16వ తేదీ దాటాక నాటితే ఒక్క పువ్వు కూడా చేతికి రాదు. స్ట్రాబెర్రీ విత్తనం వసంతం 13వ తేదీన జరిగే గుడ్ల పండగలోనే దొరుకుతుంది, ఒక్కోటి 100. ఆ రాత్రే నాటి నీళ్లు పోస్తే రెండు కాపులు, కాపుకి 120. కాబట్టి 13వ తేదీకి చేతిలో డబ్బు, దున్నిపెట్టిన నేల రెండూ సిద్ధంగా ఉండాలి. ఎండాకాలంలో బ్లూబెర్రీ 80 పెట్టి 1వ తేదీనే నాటితే 14, 18, 22, 26 తేదీల్లో కాపు, ప్రతిసారీ చెట్టుకి మూడు కాయలు, కాయ 50. ఇవన్నీ నేను కాగితం మీద రాసుకుని ఆడతాను. ఇష్టపడే రాసుకుంటాను. రుతువు మొదటి రోజు పొద్దున విత్తనాల కొట్టు ముందు నిలబడి, ఉన్న డబ్బుని ఏ పంటకి ఎంత పంచాలో తేల్చుకునే ఆ నిమిషం ఈ గేమ్ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టం.

నీళ్లు పోసే చాకిరీ తప్పాలంటే స్ప్రింక్లర్లు కావాలి. మొదటి రకం నాలుగు గడులు తడుపుతుంది, అదంత పనికిరాదు. రెండోది ఎనిమిది, ఇరిడియం రకం 24. రెండో రకానికి ఇనుము, బంగారం కావాలి. అవి గనిలో ఉంటాయి. గని 120 అంతస్తులు. అంటే పొలం బాగుపడాలంటే కత్తి పట్టుకుని పురుగుల్నీ దయ్యాల్నీ కొట్టాలి. ఈ ముడి చాలా తెలివిగా వేశాడు బరోన్. పొలం గనికి పంపిస్తుంది, గని పొలానికి పంపిస్తుంది, మధ్యలో గడియారం పరిగెడుతూనే ఉంటుంది.

నేనూ మా చెల్లీ కలిసి ఒక పొలం నడుపుతున్నాం. తను డల్లాస్‌లో ఉంటుంది. నాకు ఆదివారం పొద్దున, తనకి శనివారం రాత్రి. ఇద్దరు ఆడేటప్పుడు సంచీ తెరిచినా కాలం ఆగదు. ఒంటరిగా ఆడేటప్పుడు సంచీ తెరిస్తే అంతా ఆగుతుంది, ఆ వెసులుబాటు ఇక్కడ ఉండదు. రోజు ముగియాలంటే ఇద్దరూ మంచం ఎక్కాలి.

"అక్కా, నీళ్లు నేను పోస్తాలే, నువ్వు గనికెళ్లు."

"వెళ్తాగానీ, ఆ ఇనుమంతా గొడ్డలికి పెట్టేయకు. రెండు స్ప్రింక్లర్లు వస్తాయి."

"నాకు చెట్లు కొట్టడం లేటవుతోందే!"

"ఒంటిగంట దాటిందే తల్లీ, ముందు పడుకో!"

మామూలుగా ఫోన్లో మా మాటలు ఐదు నిమిషాల్లో అయిపోతాయి. తిన్నారా, పిల్లలు బాగున్నారా, అంతే. ఉమ్మడి పొలం వచ్చాక మాట్లాడుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటోంది. డబ్బు కూడా ఉమ్మడే పెట్టుకున్నాం. విడివిడిగా పెట్టుకునే వీలుంది, మేం వద్దనుకున్నాం. దూరంగా ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎవరైనా ఉంటే ఈ గేమ్ కొనడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా గట్టి కారణం ఇదే.

ఒక సంక్రాంతికి నాన్న వచ్చినప్పుడు పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు చూశారు. ఎండాకాలం పంట, నేను మిర్చి వేశాను. విత్తనం 40 గోల్డ్, ఐదు రోజులకి మొదటి కాపు, ఆ తర్వాత మూడు రోజులకొకసారి.

"ఐదు రోజులకే కాయా? నారు పొయ్యక్కర్లేదా?"

"అక్కర్లేదు నాన్నా. గింజ వేస్తే చాలు."

"తామర పురుగు?"

"ఇందులో పురుగు లేదు. కాకులే. దిష్టిబొమ్మ పెడితే అవీ రావు."

"రేటెవరు కట్టారు మరి?"

కాయ 40 గోల్డ్ అని, పది అమ్మినా వెయ్యి అమ్మినా అదే ధర అని, సాయంత్రం పెట్టెలో వేస్తే తెల్లారేసరికి డబ్బు చేతికొస్తుందని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "రేటు ముందే తెలిస్తే ఎవరన్నా చేస్తారమ్మా" అన్నారు.

2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోటలు ఎలా దెబ్బతిన్నాయో మా జిల్లాలో అడగక్కర్లేదు. యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకెళ్లిన రోజున ధర ఎంత పలుకుతుందో కల్లంలో కాయ ఎండబెట్టేటప్పుడు ఎవరికీ తెలియదు. తాలు కాయ ఏరడం, కోతకి కూలీలు దొరక్కపోవడం, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురుచూడటం, ఇవేవీ స్టార్‌డ్యూలో లేవు. అప్పు అనేదే లేదు. అందులో పంట రుణాల సెక్షన్‌కి పనిలేదు. కాయకి వెండి, బంగారు నక్షత్రాలు ఉంటాయి, వాటిని బట్టి ధర పెరుగుతుంది, గ్రేడింగ్ అంటే అంతే. వరి కూడా వెయ్యొచ్చు. నీటి ఒడ్డున నాటితే విడిగా నీళ్లు పోయక్కర్లేదు, రెండు రోజులు ముందే పండుతుంది. మిల్లు కట్టుకుంటే బియ్యం ఆడించుకోవచ్చు. ఆ ఒక్క పంటలో మాత్రం చూసి రాసినట్టు అనిపించింది.

ఇది లోపమని నేను అనను. ధర, పురుగు, అప్పు మూడిటి బెంగా తీసేసి కాలాన్ని ఒక్కదాన్నే ఉంచాడు బరోన్. వ్యవసాయంలో మిగిలిన కష్టాలన్నీ పోయినా అదను తప్పితే పంట పోతుందన్న ఒక్క నిజం మాత్రం గేమ్ అంతా నిలబడి ఉంటుంది. అందుకే ఆ టెన్షన్ నాకు నిజంగా తగులుతుంది.

ఇక స్కైరిమ్. బెథెస్డా అనే కంపెనీ వాళ్లది, 2011 నవంబర్ 11న వచ్చింది. చేతులు కట్టేసి బండిలో హెల్గెన్ అనే ఊరికి తీసుకెళ్తుంటారు మిమ్మల్ని. తల నరకడానికి సిద్ధం చేస్తారు. సరిగ్గా ఆ సమయానికి ఆల్డూయిన్ అనే నల్ల డ్రాగన్ వచ్చి ఊరంతా తగలబెడుతుంది. తప్పించుకుని బయటపడగానే వైట్‌రన్ వెళ్లి అక్కడి ప్రభువుకి ఈ వార్త చెప్పాలని గేమ్ అడుగుతుంది. లోకం అంతమయ్యేంత ప్రమాదం అంటారు.

మీరు వెళ్లకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. దారిలో రివర్‌వుడ్ అనే ఊళ్లో ఆగి కట్టెలు కొట్టి అమ్ముకోవచ్చు. ఏటి ఒడ్డున సీతాకోకచిలుకల్ని పట్టుకోవచ్చు. వైట్‌రన్ బయట కావలి బురుజు దగ్గర మొదటి డ్రాగన్‌ని చంపే దాకా కథ నడిపితేనే ఆ తర్వాత డ్రాగన్లు దారిలో ఎదురవుతాయి. అంతదాకా నడపకపోతే దేశమంతా తిరిగినా ఆకాశం ఖాళీగానే ఉంటుంది. ఎన్నేళ్లయినా ఆ ప్రభువు కోటలో మీ కోసం కూర్చునే ఉంటాడు. ఇక్కడ ఒక రోజు మన 72 నిమిషాలు. అదీ ఎక్కువనిపిస్తే కీబోర్డు మీద టీ (T) కీ నొక్కి 24 గంటలు దాటించేయొచ్చు. ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. స్టార్‌డ్యూలో పడుకుంటేనే సేవ్.

ఏది వాడితే అది పెరుగుతుంది స్కైరిమ్‌లో. మొత్తం 18 విద్యలు. కత్తి తిప్పితే కత్తి విద్య, దెబ్బలు కాచుకుంటే డాలు విద్య, తాళాలు తీస్తే దొంగ విద్య. నాకు వీటన్నిటిలో ఆల్కెమీ, అంటే మందులు కలిపే విద్య, అంటే ప్రాణం. దారి పొడుగునా పూలు, పుట్టగొడుగులు, సాలీడు గుడ్లు. ప్రతి దానికీ నాలుగు గుణాలు. నోట్లో వేసుకుని రుచి చూస్తే మొదటి గుణం తెలుస్తుంది, మిగతావి కలిపి చూసి కనుక్కోవాలి. నీలం కొండపువ్వు, గోధుమ కలిపితే దెబ్బలు మాన్పే మందు వస్తుంది. ఆ పువ్వు కొండల నిండా ఉంటుంది, గోధుమ వైట్‌రన్ బయట పొలాల్లో ఉంటుంది. అక్కడి పెలాజియా పొలంలో క్యాబేజీలు, బంగాళాదుంపలు కోసి ఆ రైతుకే అమ్మితే డబ్బిస్తాడు. డ్రాగన్‌ని చంపాల్సిన వీరుడు కూలికి క్యాబేజీ కోసినా గేమ్ ఏమీ అనదు. నేను మొదటి ఇల్లు ఆ మందులు అమ్మిన డబ్బుతోనే కొన్నాను.

ఈ గేమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆల్ఫ్‌టాండ్ అని మంచుకొండ లోపల ఒక శిథిలం ఉంది, మాయమైపోయిన డ్వెమర్ జాతి కట్టింది. దాని అడుగు దాకా వెళ్లి తలుపు తీస్తే భూమి కింద ఒక దేశం కనపడుతుంది. పేరు బ్లాక్‌రీచ్. తాటిచెట్లంత పుట్టగొడుగులు నీలంగా వెలుగుతుంటాయి. పైన కప్పు కనపడదు. నీటి చప్పుడు, ఆవిరి గొట్టాల చప్పుడు. అక్కడొక చిన్న రాతి ఇల్లు, లోపల ఒక అస్థిపంజరం, పక్కన డైరీ. ఆ మనిషి సిండెరియన్, ఆల్కెమీ పండితుడు. ఎర్ర నిర్న్‌రూట్ అనే మొక్క కోసం ఇంత లోతుకి దిగి, ఇక్కడే పోయాడు. ఆ మొక్కలు 30 ఏరమని గేమ్ మీకు పని అప్పగిస్తుంది.

ఆ మొక్కకి ఒక గుణం ఉంది. దగ్గరికి వెళ్తే సన్నగా మోగుతుంది. మ్యాప్‌లో గుర్తు ఉండదు. చెవులు రిక్కించి వినాలి. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కత్తి లోపల పెట్టేసి, ఆ చీకట్లో మోత ఎటువైపు నుంచి వస్తోందా అని నడుచుకుంటూ వెళ్లేదాన్ని. ఫాల్మర్ అనే గుడ్డి జీవులు తిరుగుతుంటాయి, వాటికీ చెవులే ఆధారం. కాబట్టి మనమూ మెల్లగా అడుగు వెయ్యాలి. ఈ పనికి గడువు లేదు. అన్నీ దొరికాక రిఫ్టెన్ ప్రాంతంలో అవ్రుసా సరేథి అనే ఆమె పొలానికి వెళ్లాలి. ఆమె సిండెరియన్ శిష్యురాలు, మామూలు నిర్న్‌రూట్‌ని పొలంలో పండించే విద్య ఆయన దగ్గరే నేర్చుకుంది. గురువు ఏమయ్యాడో ఆమెకి చెప్పేది మీరే. బహుమతిగా వచ్చే శక్తి ఏమిటంటే, ఇకమీదట మందు కలిపినప్పుడు నాలుగింట ఒకసారి రెండు సీసాలు వస్తాయి. ఒక చనిపోయిన మాస్టారి చదువు ఆయన శిష్యురాలి ద్వారా మన చేతికి అందినట్టు ఉంటుంది. ఆల్డూయిన్‌ని ఓడించినప్పుడు కూడా నాకు ఇంత సంతోషం వెయ్యలేదు.

ఇంకో చోటు, గ్రేబియర్డ్స్ అనే సన్యాసులు ఉండే హై హ్రోత్‌గార్. ఆ కొండకి 7,000 మెట్లు అంటారు. గేమ్‌లో లెక్కపెడితే అంతకన్నా చాలా తక్కువే, అయినా ఎక్కడానికి టైం పడుతుంది. దారిలో రాతి పలకల మీద పాత కథ చెక్కి ఉంటుంది, చదువుకుంటూ ఆగి ఆగి ఎక్కేవాళ్లు కనిపిస్తారు. కింద ఊళ్లో క్లిమెక్ అనే ఆయన పైవాళ్లకి ఇవ్వమని తిండి సరుకుల సంచి చేతికిస్తాడు. అలిపిరి మెట్ల దారిలో నడిచినవాళ్లకి ఈ ఎక్కడం, ఈ మంచు, పక్కనే నడిచే ముక్కూమొహం తెలియనివాళ్లు బాగా పరిచయంగా అనిపిస్తారు. ఒక్క తేడా, ఇక్కడ మధ్యలో మంచు ట్రోల్ అనే రాకాసి జంతువు ఉంటుంది. తక్కువ లెవెల్లో వెళ్తే అది చంపేస్తుంది, దానికి నిప్పంటే భయం అని గుర్తుపెట్టుకోండి. రాత్రిపూట పైనుంచి చూస్తే ఆకాశంలో ఆకుపచ్చ కాంతి కదులుతుంటుంది, జెరమీ సోల్ సంగీతం వినీ వినపడనట్టు వస్తుంటుంది. నేను చాలాసార్లు అక్కడ ఊరికే నిలబడిపోయాను.

కానీ ఆగి ఉండే లోకానికి ఒక నష్టం ఉంది, అది కూడా చెప్పాలి. అక్కడ మనం ఏం చేసినా పెద్దగా ఏదీ మారదు. మాంత్రికుల కాలేజీకి అధిపతి అయ్యాక కూడా అక్కడివాళ్ల రోజు అలాగే గడుస్తుంది. సామ్రాజ్యానికీ, తిరగబడిన స్టార్మ్‌క్లోక్స్‌కీ జరిగే యుద్ధం కథగా ఎంతో బరువైనది, ఆడేటప్పుడు మాత్రం ఒక కోట తర్వాత ఇంకో కోట, అంతే. పెళ్లి చేసుకోవచ్చు. మామూలుగా ఆ మనిషికి ఏదో ఒక సాయం చేసి, మారా దేవత తాయెత్తు మెడలో వేసుకుంటే చాలు, సంబంధం కుదిరిపోతుంది. తర్వాత ఆ మనిషితో మాట్లాడటానికి నాలుగు మాటలే. సమాధులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, లోపల లేచి వచ్చే శవాలు, చాలాచోట్ల చివర డ్రాగన్ గోరు తాళం. ఆ తాళం జవాబు గోరు వెనకే చెక్కి ఉంటుంది. కొన్ని గొంతులు ఊరూరా మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. కత్తియుద్ధం కూడా ఇప్పటి గేమ్స్ ముందు మొద్దుగానే ఉంటుంది.

మనుషుల సంగతికొస్తే స్టార్‌డ్యూ ఎక్కడో ఉంది. అందులో ఎవరికీ గొంతు లేదు, చిన్న చిన్న బొమ్మలు, కింద అక్షరాలు. అయినా ఒక్కొక్కరూ గుర్తుండిపోతారు. కెంట్ అనే సైనికుడు మొదటి ఏడాదంతా ఊళ్లో ఉండడు, యుద్ధం నుంచి రెండో ఏట తిరిగొస్తాడు. ఒకరోజు వాళ్లింటికి వెళ్తే భార్య పొయ్యి మీద పాప్‌కార్న్ వేయిస్తుంటుంది. ఆ చిటపటలకి కెంట్ ఒళ్లు కంపించిపోతుంది, భార్య మీద అరుస్తాడు. ఆమెకి ఏం చెయ్యాలో తోచదు. ఆ సన్నివేశం ఒక నిమిషం కూడా ఉండదు. దాని ముందు స్కైరిమ్ యుద్ధం మొత్తం తేలిపోయింది నాకు. గుడారంలో ఉండే లైనస్, తాగుడు మానలేని షేన్, బస్సు ఆగిపోయి పని పోగొట్టుకున్న పామ్. మీరు ఆ బస్సు బాగుచేయించిన మర్నాటి నుంచి పామ్ పనిలోకి వెళ్తుంది. మనం చేసిన పని ఊరికి తగిలిందని కళ్లకి కనపడుతుంది. బస్సు బాగుపడాలంటే ఊరి సామాజిక భవనానికి మొత్తం 42,500 గోల్డ్ చెల్లించాలి. మొదటి ఏడాదిలో అంత డబ్బు పక్కన పెట్టడం తేలిక కాదు, అందుకే ఆ ఫలితానికి విలువ వచ్చింది. జోజా కంపెనీకి 5,000 కట్టి సభ్యత్వం తీసుకుంటే ఆ భవనాన్ని వాళ్ల గోదాముగా మార్చేసి, ఈ పనులన్నీ డబ్బుకి చేసిపెడతారు. ఆ దారి కూడా ఉంది. నేను దాని జోలికి వెళ్లలేదు, వెళ్లను.

స్టార్‌డ్యూలో నాకు నచ్చనిది ఒకటుంది. స్నేహం అంటే బహుమతులే. వారానికి రెండు, పుట్టినరోజుకి ఒకటి. ఎవరికి ఏది ఇష్టమో తెలుసుకోవడానికి వికీ తెరవక తప్పదు, తెరిచాక మనిషి కాస్తా పట్టికలో ఒక గడి అయిపోతాడు. చేపలు పట్టే ఆట మొదట్లో మరీ కఠినం, చాలామంది అక్కడే విసుగెత్తి మానేస్తారు. మంచి గెడ కొనుక్కున్నాక, లెవెల్ పెరిగాక తేలికవుతుంది, అంతదాకా ఓపిక పట్టండి. మూడో ఏడు దాటాక పండ్లన్నీ పీపాల్లో వేసి వైన్ చేస్తే ధర మూడింతలు, ఇక డబ్బుకి కొదవ ఉండదు. కొదవ లేకపోతే అదనుకీ విలువ లేదు. అక్కడి నుంచి నాకు ఆసక్తి తగ్గుతుంది. నేనూ చెల్లీ ఆ దశ వచ్చినప్పుడల్లా కొత్త పొలం మొదలుపెడతాం.

స్కైరిమ్‌లోనూ పొలం పెట్టుకోవచ్చు, అది కావాలని వెతికేవాళ్ల కోసం చెబుతున్నాను. 2012లో వచ్చిన హార్త్‌ఫైర్ అనే అదనపు భాగంలో 5,000 గోల్డ్‌కి స్థలం కొని ఇల్లు కట్టుకోవచ్చు, పెరడు వేసుకోవచ్చు, అనాథ పిల్లల్ని దత్తత తీసుకోవచ్చు. మూడు చోట్ల స్థలాలున్నాయి. ఫాల్క్‌రీత్ అడవిలో చెరువు పైన ఉన్న లేక్‌వ్యూ నా ఎంపిక. పెరట్లో నాటినవి కోశాక మళ్లీ వాటంతటవే పెరుగుతాయి. నీళ్లు అక్కర్లేదు, రుతువు లేదు. మందులకి కావలసిన మొక్కలు దొరుకుతాయి, అంతకు మించి ఆశించకండి. ఇప్పుడు అమ్ముతున్న స్పెషల్ ఎడిషన్‌లో ఇది కలిపే వస్తుంది.

కొనేముందు మీ కంప్యూటర్ చూసుకోండి. స్టార్‌డ్యూకి 2 జీబీ ర్యామ్, అర జీబీ స్థలం చాలు, పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఫోన్లోనూ ఉంది, కానీ వేలితో కత్తి తిప్పడం కష్టం, గనికి వెళ్లే రోజుల్లో ఇబ్బంది పడతారు. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌కి 8 జీబీ ర్యామ్, 12 జీబీ స్థలం, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. రెండిట్లోనూ తెలుగు లేదు, అసలు భారతీయ భాషే లేదు. స్కైరిమ్‌లో మాటలు వినపడతాయి కాబట్టి ఇంగ్లీషు అంతగా రానివాళ్లు కూడా నెట్టుకురాగలరు. స్టార్‌డ్యూ అంతా చదువుకోవాల్సిందే, అయితే వాక్యాలు చిన్నవి. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి, ఇబ్బంది లేకుండా ఆడేస్తున్నాడు. పిల్లలకి స్కైరిమ్ ఇవ్వకండి, తలలు తెగుతాయి.

స్టార్‌డ్యూ ఒక్కసారి కొంటే చాలు, 2024లో వచ్చిన 1.6 దాకా ప్రతి అప్‌డేట్ ఉచితమే. స్కైరిమ్‌ని 2011 నుంచి రకరకాల పేర్లతో మళ్లీ మళ్లీ అమ్ముతున్నారు. యానివర్సరీ ఎడిషన్ అవసరం లేదు, స్పెషల్ ఎడిషన్ చాలు, అదీ డిస్కౌంట్ వచ్చే దాకా ఆగండి, తరచూ వస్తుంది. ఒక్కటే కొనగలిగితే, కలిసి ఆడే మనిషి ఉన్నవాళ్లు స్టార్‌డ్యూ తీసుకోండి. ఒంటరిగా, రాత్రి భోజనాలయ్యాక ఓ గంట ఆడుకునేవాళ్లు స్కైరిమ్ తీసుకుని, హెల్గెన్ నుంచి బయటపడ్డాక వైట్‌రన్ దారి పట్టకుండా ఏటి వెంబడి నడవండి.